అదురు ఆగిన కొండ

ఆ ఉదయం చప్పుడు లేకపోవడం వల్ల అంకన్నకు మెలకువ వచ్చింది.

నలభై ఒక్క రోజులుగా ధూమ్రగిరి కడుపులో ఒక హోరు ఎడతెగకుండా సాగుతూ వచ్చింది. పక్క గదిలో ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు ఉండేది అది. తింటున్నప్పుడు అరికాళ్లకు తెలిసేది. పడుకుంటే వెన్నెముకకు తెలిసేది. ఆ కొండ భుజం మీద, ఆకాశానికీ రాతికీ మధ్య, ఒంటరిగా బతుకుతున్న అంకన్నకు తోడంటూ ఉన్నది ఆ అదురు ఒక్కటే. ఇప్పుడది లేదు.

గుహలోంచి బయటికి పరుగెత్తుకొచ్చాడు. తొలి ఎండ కొండ మీద పడుతోంది. ఏనుగు చర్మంలా ముడతలు పడిన నల్లరాతి పొరలు, వాటి మధ్య పసుపు పులిమినట్టున్న గంధకపు చారికలు, దిగువన నురగలా పరుచుకున్న మంచు, ఆ మంచులోంచి బంగారు మొనల్లా పొడుచుకొచ్చిన రత్నవేణి నగర గోపురాలు. అన్నీ రోజూ ఉన్నట్టే ఉన్నాయి. శిఖరం మీద ఎప్పుడూ తెల్లని తలపాగాలా ఉండే పొగ మాత్రం లేదు.

రాతి మీద బోర్లించిన కుండ, దాని మీద కంచు పళ్లెం, పళ్లెంలో గుప్పెడు ఆవాలు. నిన్నటిదాకా ఆ ఆవాలు వేడి పెనం మీద వేసినట్టు చిందులు తొక్కాయి. ఇప్పుడు ఒక్క గింజ కదలడం లేదు. అంకన్న మోకాళ్ల మీద కూలబడి నేలకు చెవి ఆనించాడు. రాయి రాయిలాగే ఉంది.

"ఏమైంది నీకు?" అనబోయాడు. పెదవులు కదిలాయి గాని మాట పైకి రాలేదు. మాట్లాడి ఆరేళ్లైంది.

ఏడు తరాల కిందట ధూమ్రగిరి బద్దలై సగం నగరం బూడిదలో పూడిపోయింది. అప్పటి మహారాజు వీరచంద్రుడు కొండను కనిపెట్టుకుని ఉండడానికి ఒక మనిషిని నియమించాడు. ఆ ఉద్యోగానికి చెవికాపు అని పేరు. చెవికాపు మనుషుల మధ్య ఉండకూడదు, వాళ్ల మాట వినకూడదు, తాను మాట్లాడకూడదు. మనుషుల మాట నిండిన చెవికి కొండ మాట ఎక్కదని రాజుగారి నమ్మకం. శాసనం మీరితే తల పోతుంది. అంకన్న తండ్రి మారయ్య ముప్పై ఏళ్లు ఆ పని చేసి ఆరేళ్ల కిందట అక్కడే కన్నుమూశాడు. చనిపోయే ముందు ఒక్కసారి శాసనం మీరి, కొడుకు చెయ్యి పట్టుకుని ఇలా అన్నాడు.

"అంకా, కొండ అదురుతోందంటే భయపడకు. లోపల ఆవిరీ కరిగిన రాయీ దారి వెతుక్కుంటూ కదులుతుంటాయి. ఆ రాపిడికే ఈ అదురు. దారి తెరుచుకుని ఉన్నంతకాలం అదురుతుంది, పొగ వదులుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. అదురు ముదిరిందంటే కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూడాలి. ముదిరిన అదురు ఉన్నట్టుండి ఆగిందా, దారి పూడుకుపోయిందన్నమాట. దారి పూడుతుంది గాని ఆవిరి ఊరడం ఆగదు, నాయనా."

అంకన్న గుహలో తాటాకులు తిరగేశాడు. ఏడు తరాల చెవికాపులు గీసిపెట్టిన గుర్తులవి. కొండ ఇలా గబుక్కున నోరు మూసింది నాలుగుసార్లు. మూడుసార్లు నాలుగు జాములు గడవక ముందే నిప్పు కక్కింది. నాలుగోసారి ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో ఎవరూ రాయలేదు.

వెంటనే వెదురు గడకు నల్ల జెండా కట్టి ఎత్తాడు. పసుపు జెండా అంటే అదురు ఉందని, ఎర్రది అంటే ముదిరిందని, నల్లది అంటే ఉన్నపళంగా పారిపొమ్మని. దిగువ కొమ్ము మీదున్న కాపలా బురుజు వాళ్లు అదే రంగు జెండా ఎత్తి బదులివ్వాలి, ఆ బదులు చూసి నగరం కదలాలి. అంకన్న చూశాడు. బురుజు మీద ఏ జెండా లేవలేదు. కంచు గంట చేతులు నొప్పిపుట్టేదాకా వాయించాడు. జవాబు లేదు.

అప్పుడే మంచు విడిపోయింది. దిగువన కొండపాదం దగ్గర పచ్చిక మైదానం కనబడింది. పట్టు గొడుగులు, ఏనుగులు, రంగురంగుల పందిళ్లు. చీమల బారుల్లా మనుషులు. పారిపోవాల్సిన నగరమంతా పిల్లాజెల్లాతో కొండ ఒడిలోకే వస్తోంది!

అంకన్న ఇంక ఆలోచించలేదు. గుప్పెడు ఆవాలు కొంగున కట్టుకుని, తడిబట్ట మెడకు చుట్టుకుని దిగువకు పరుగుపెట్టాడు. కొండ అంచున తాళ్ల నిచ్చెన ఉండాలి. అంచు నుంచి తొంగి చూస్తే, ఎవరో కోసిపడేసిన తాళ్లు అరవై బారల కింద రాళ్ల మీద చచ్చిన పాముల్లా పడి ఉన్నాయి.

మిగిలింది ఒకటే దారి, పిట్టలు రాలే లోయ. చూడ్డానికి అందంగా ఉంటుంది. వెండి రంగు నాచు, అక్కడక్కడా పచ్చల్లా మెరిసే నీటిగుంటలు. కాని ఆ లోయ అడుగున కంటికి కనబడని విషపుగాలి చెరువులో నీళ్లలా నిలిచి ఉంటుంది. దాహానికి దిగిన దుప్పి గుంట దగ్గరే నిద్రపోతున్నట్టు పడి ఉంది. అంకన్న తడిబట్ట ముక్కుకు బిగించి, అడుగుకు దిగకుండా లోయ గోడ వెంట బల్లిలా పాకడం మొదలెట్టాడు. సగం దూరం వచ్చేసరికి కాలి కింద రాయి జారింది. గడ్డందాకా విషపుగాలిలోకి వేలాడాడు. కళ్లు మండాయి, చెవుల్లో గుంయ్ మంది. ఒంటిచేత్తో ఒక వేరు దొరకబుచ్చుకుని, పళ్లు బిగించి, శక్తినంతా కూడదీసుకుని పైకి లేచాడు. లోయ దాటి అవతలి గాలి పీల్చేసరికి ఎండ నడినెత్తికి సగం దూరం వచ్చింది.

కాపలా బురుజు మెట్ల మీద, చింపిపడేసిన జెండాల పక్కన, ఇద్దరు భటులు కూర్చుని ఉన్నారు. అంకన్నను చూసి ఇద్దరూ నోళ్లు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇద్దరి గొంతుల మీదా నీలంగా ఒక మచ్చ, శంఖం ఆకారంలో. ఒకడు గొంతు పట్టుకుని ఏడుస్తున్నాడు, చప్పుడు లేకుండా.

ఇంతలో బురుజు వెనక నుంచి బూడిదరంగు నిలువుటంగీ తొడుక్కున్నవాడొకడు త్రిశూలం ఎత్తుకుని అంకన్న మీదికి దూకాడు. అంకన్న పక్కకు తప్పుకున్నాడు. త్రిశూలం రాతికి తగిలి నిప్పులు రాల్చింది. రెండో పోటుకు వెనక్కి జరగడానికి చోటు లేదు, వెనక లోయ. అంగీవాడు త్రిశూలం ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే కళ్లు పట్టుకుని గిలగిలా కొట్టుకుంటూ కూలబడ్డాడు.

వాడి వెనక ఒక ముసలావిడ నిలబడి ఉంది. చంకలో బుట్ట, చేతినిండా ఎర్రని కారం.

"మంచి కారం. కొండ మీది బిడ్డ కోసం దంచి తెచ్చాను, వీడి పాలైంది" అంది ఆవిడ. ఆ మాట అని అంకన్నను పైనుంచి కిందిదాకా చూసింది. ఆవిడ గొంతు మారింది. "నువ్వు... మారయ్య కొడుకువు కదూ?"

అంకన్న ఆ బుట్టను గుర్తుపట్టాడు. అంచుకు ఎర్రదారం కట్టిన బుట్ట. నెలకోసారి బియ్యం, ఉప్పు, చింతపండుతో తాడు మీద పైకి వచ్చే బుట్ట. ఆ బియ్యం కింద శాసనంలో లేని బెల్లం ముక్క ఒకటి ఎప్పుడూ ఉండేది. ఎవరు పెడుతున్నారో అతనికి ఏనాడూ తెలియలేదు. తెలుసుకోవడానికి వీలూ లేదు. తాడు కదలడం ఆగేదాకా చూసి, బుట్ట విప్పుకుని, ఖాళీ బుట్ట దించేవాడు. అంతే.

నోరు తెరిచాడు. గొంతులో తుప్పుపట్టిన తలుపు తెరుచుకున్నట్టు కిర్రుమంది. "అ... అవ్వా" అన్నాడు. ఆ ఒక్క మాటకు కళ్లలో నీళ్లు నిండాయి.

"నా పేరు సూరమ్మ. ఆరేళ్లుగా నీకు బుట్ట కడుతున్నాను. పలకరిస్తే తల తీస్తారన్నారు, పలకరించలేదు. ఇవాళ నా తల ఎవరు తీస్తారో తియ్యనీ" అంటూ అతని చెంప నిమిరింది. "ఎందుకు దిగొచ్చావు బిడ్డా?"

"కొండ ఆగింది, అవ్వా."

"ఆగిందనే కదా ఊరంతా పండగ!"

సూరమ్మ గబగబా చెప్పింది. మూడు నెలల కిందట కరాళశంఖుడనే మాంత్రికుడు నగరానికి వచ్చాడు. మనిషి గొంతును శంఖంలో పట్టి బంధించే విద్య వాడిది. ఎదురు మాట్లాడినవాళ్ల గొంతులన్నీ ఇప్పుడు వాడి నడుముకు వేలాడుతున్నాయి. గొంతు పోయినవాళ్లే ఈ బూడిదరంగు అంగీలు తొడుక్కుని వాడికి శిష్యులయ్యారు. గొంతు మళ్లీ దొరుకుతుందన్న ఆశతో చెప్పిన చాకిరీ అంతా చేస్తారు, నిచ్చెన తాళ్లు కోసిందీ వాళ్లే. ధూమ్రగిరి అదురు పాతాళ సర్పం బుస అని, దాన్ని కూడా శంఖంలో పట్టేస్తానని వాడు విశాలవతి మహారాణికి మాటిచ్చాడు. ఇవాళ తెల్లవారుజామున మంత్రం చదివాడు. అదురు ఆగింది!

"ఇందుకు బదులుగా రాణిగారు రాజముద్రిక వాడి చేతిలో పెట్టాలట. రాణిగారి తమ్ముడు జయంతుడు నలభై మందితో పడమటి మెట్ల మీదుగా బంగారు సర్పవిగ్రహం మోసుకుని శిఖరానికి ఎక్కుతున్నాడు. దాన్ని అక్కడ నిలబెడితే కొండ ఇక శాశ్వతంగా నోరెత్తదట."

"శిఖరానికా?" అంకన్న తలెత్తి కొండకేసి చూశాడు. "అవ్వా, దిగువ పల్లెలవాళ్లను నది దాటించు. నా మాటగా చెప్పు."

"నీ మాట ఎవరు వింటారు బిడ్డా, నువ్వు ఉన్నావని కూడా ఎవరికీ గుర్తులేదు. నా మాటగానే చెబుతాను. నేను అరిస్తే ఆ ఊళ్లల్లో నిలబడేవాడు లేడు." ఆవిడ ఇద్దరు భటులనూ వెంటబెట్టుకుని పల్లెల దారి పట్టింది.

అంకన్న కింద పడినవాడి బూడిదరంగు అంగీ తొడుక్కుని, ముసుగు ముఖం మీదికి లాక్కుని మైదానానికి పరుగుతీశాడు. మూగవాడి వేషం అతనికి కొత్త కాదు. ఎవరూ ఆపలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. వేలమంది మధ్యలోంచి నడిచాడు. పూల వాసన, నేతి వాసన, నవ్వులు, తల్లులు బిడ్డల్ని పిలుచుకోవడం. ఇంతమంది మనుషుల్ని అతను పుట్టాక చూడలేదు. ఒక ఇల్లాలు అతని చేతిలో లడ్డూ పెట్టి, మొహమైనా చూడకుండా పక్కకు తిరిగింది. కొండ మీద కన్నా ఇక్కడే ఎక్కువ ఒంటరినని అతనికి అనిపించింది.

వేదిక మీద విశాలవతి మహారాణి నిలబడి ఉంది. పాతికేళ్లు దాటని మనిషి, ముత్యాల కిరీటం బరువుకు మెడ కొంచెం వంగింది. ఎదురుగా కరాళశంఖుడు. తాటిచెట్టంత పొడుగు, నిప్పుకణికల్లాంటి కళ్లు, నడుము చుట్టూ గలగలలాడే శంఖాలు, రెండు చేతుల్లో గుమ్మడికాయంత తెల్లని శంఖం.

"మహారాణీ! ఏడు తరాలుగా మిమ్మల్ని వణికించిన గొంతు ఇదిగో, ఈ శంఖంలో ఉంది. ముద్రిక ఇలా ఇప్పించండి" అన్నాడు వాడు.

రాణి చేతివేలి నుంచి ముద్రిక తీస్తోంది.

"ఇవ్వకండి అమ్మా!"

బొంగురుపోయిన ఆ కేక వేదిక కింద నుంచి వచ్చింది. అంకన్న ముసుగు తీసేసి మెట్లెక్కాడు. భటులు ఈటెలు అడ్డుపెట్టారు.

"నేను చెవికాపును. అంకన్న నా పేరు. కొండను ఎవరూ బంధించలేదు తల్లీ. దాని దారి పూడుకుపోయింది. లోపల ఆవిరి నిండుతోంది. అందరినీ నది దాటించండి."

జనంలో గుసగుసలు లేచాయి. రాణి అతని కళ్లలోకి చూసింది. "ఇవాళే బద్దలవుతుందని ప్రమాణం చేసి చెప్పగలవా?"

అబద్ధం చెబితే పనైపోతుంది. కాని కొండ విషయంలో అబద్ధం చెప్పడం అంకన్న వంశంలో లేదు. "చెప్పలేనమ్మా. ఇలా ఆగినప్పుడు నాలుగింట మూడుసార్లు బద్దలైంది. ఒకసారి కాలేదు."

కరాళశంఖుడు పకపకా నవ్వాడు. "నేను ప్రమాణం చేస్తాను మహారాణీ! ఇంకెప్పుడూ బద్దలు కాదు!" జనం జేజేలు కొట్టారు.

ఆ గోలలో అంకన్న గొంతు పెంచలేదు. "అయితే ఒక్క మనవి. ఆ శంఖం నా చెవికి పెట్టించండి. ఆ గొంతుతోనే నేను బతికాను. వెయ్యి గొంతుల్లో ఉన్నా పోల్చుకుంటాను. అది అందులో ఉందంటే నా తల తీయించండి."

"శంఖం ఎవరూ ముట్టరాదు!" అన్నాడు మాంత్రికుడు. ఆ అనడంలో ఏదో తొట్రుపాటు. రాణి అది గమనించింది.

"పెట్టండి" అంది.

ఇద్దరు భటులు ఈటెలు మాంత్రికుడి వైపు తిప్పారు. అంకన్న శంఖానికి చెవి ఆనించాడు. శంఖంలో గాలి తిరుగుతున్న సవ్వడి. అంతే. తల అడ్డంగా ఊపి, రాణికి అందించాడు. రాణి విన్నది.

"ఇది ఖాళీ శంఖం" అంది నెమ్మదిగా.

ఆ మాట పూర్తవుతుండగానే కాళ్ల కింద ఒక దెబ్బ. లోపలి నుంచి ఎవరో సమ్మెటతో కొట్టినట్టు. అంకన్న కొంగు విప్పి, పక్కనున్న డప్పు మీద ఆవాలు పోశాడు. గింజలు ఒక్కసారి ఎగిరి పడ్డాయి. ఊరుకున్నాయి. మళ్లీ ఎగిరాయి. ఈసారి తొందరగా.

"రాయి పగులుతోంది" అన్నాడు అంకన్న. "ఇక నిలవకండి!"

"ఏనుగుల్ని వదిలెయ్యండి! పిల్లల్ని ఎత్తుకోండి! అందరూ నదికి!" రాణి కేక మైదానమంతా మోగింది. వేలమంది ఒక్క పెట్టున కదిలారు.

కరాళశంఖుడి కళ్లల్లో అప్పటిదాకా లేని భయం కనబడింది. మంత్రం పలికిందనే వాడూ అనుకున్నాడు కాబోలు. ఆ భయం మరుక్షణం కోపమైంది. "నా పేరు మంటగలిపిన గొంతు నీది!" అంటూ ఆ ఖాళీ శంఖాన్ని అంకన్న ముఖం మీదికి చాచి ఏదో గొణిగాడు. అంకన్న గొంతులోంచి దారం లాగినట్టయింది. చల్లగా, సన్నగా, ఏదో జారి శంఖంలోకి పోయింది. మాంత్రికుడు గుప్పెడు పొడి విసిరాడు. నల్లని పొగ లేచింది. పొగ విడిపోయేసరికి వాడు లేడు.

"అంకన్నా!" రాణి అతని భుజం పట్టుకుంది. "మా తమ్ముడు... జయంతుడు పైన ఉన్నాడు. నలభై మంది..."

అంకన్న నోరు తెరిచాడు. మాట లేదు. పొద్దున్న దొరికిన గొంతు మధ్యాహ్నానికి పోయింది. తన గుండె మీద చెయ్యి వేసుకుని, ఆ చేత్తోనే శిఖరం చూపించాడు. రాణిని నది వైపు నెట్టి, వెనక్కి తిరిగాడు.

లోకమంతా కిందికి పరుగెత్తుతుంటే అతనొక్కడే పైకి ఎక్కాడు. తప్పిపోయిన బిడ్డ కోసం వెతికే తండ్రి ఒకడు, పండగ ఉట్టిని భుజాన వేసుకుపోతున్న ముసలాయన ఒకడు ఎదురుపడ్డారు. ఆ తర్వాత ఎవరూ లేరు. పడమటి మెట్లు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. దెబ్బ పడినప్పుడల్లా నాపరాళ్లు పళ్లు కొరికినట్టు కటకటమన్నాయి.

శిఖరం అంచున జయంతుడి మనుషులు తాళ్లు పట్టి బంగారు విగ్రహాన్ని లేపుతున్నారు. బరువుకు రొప్పుతూ, పాట అందుకుంటూ, డోళ్లు వాయిస్తూ. కింద పడుతున్న దెబ్బలు వాళ్లకు డోళ్ల మోతలో తెలియడం లేదు. అంకన్న చేతులు ఊపుతూ పరుగెత్తాడు. అతని ఒంటిమీద బూడిదరంగు అంగీ చూసి వాళ్లు దారి ఇచ్చారు.

"ఆచార్యుల వారి శిష్యుడా? ఇదిగో, అయిపోవచ్చింది" అన్నాడు జయంతుడు. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు, మీసం ఇంకా చిక్కబడలేదు.

అంకన్న కిందికి చూపించాడు. మెట్లు చూపించాడు. జయంతుడి చెయ్యి పట్టి లాగాడు.

"విగ్రహం నిలబడేదాకా దిగవద్దని ఆజ్ఞ. నువ్వెవరివి కాదనడానికి?" జయంతుడు చెయ్యి విదిలించుకున్నాడు.

అప్పుడు అదురు మళ్లీ మొదలైంది. నలభై ఒక్క రోజులు విన్న అదురు కాదది. ఎముకల్లో మజ్జ కదిలేంత అదురు. అంకన్న ఇక ఆగలేదు. పక్కనున్నవాడి కత్తి లాక్కుని విగ్రహాన్ని పట్టి ఉన్న తాళ్లు తెగనరికి, భుజం ఆనించి ఒక్క తోపు తోశాడు. బంగారు సర్పం ఊగింది, ఒరిగింది, పడమటి వాలు మీద దొర్లుకుంటూ దిగువకు పోయింది.

"దేవుణ్ణి పడేశాడు! పట్టుకోండి! విగ్రహం లోయలో పడుతుంది!" నలభై మందీ గోల పెడుతూ దాని వెంట పరుగెత్తారు, కిందికి, శిఖరానికి దూరంగా. అంకన్న కోరింది అదే.

జయంతుడు మాత్రం కదల్లేదు. కోపంతో ఎర్రబడ్డ కళ్లతో కత్తి దూశాడు. అంకన్న తప్పించుకోలేదు. చెయ్యి చాచి అతని వెనక వైపు చూపించాడు. జయంతుడు తిరిగి చూశాడు.

శిఖరం నోట్లో పూడుకున్న నల్లరాతి మూత, వందగజాల వెడల్పున్న మూత, మెల్లగా ఉబ్బుతోంది. పగుళ్లలోంచి ఎర్రని వెలుగు.

అంకన్న అతని మణికట్టు పట్టుకుని పక్కకు దూకాడు. రాళ్ల సందున, ఏనాడో కరిగిన రాయి పారిపోగా మిగిలిన పాత సొరంగం ఉంది. తండ్రి ఒకసారి చూపించాడు, లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు. ఇద్దరూ అందులోకి దొర్లిన మరుక్షణం ఆకాశం చిరిగింది. వెయ్యి పిడుగులు ఒక్కటై పడ్డ మోత. వేడిగాలి వీపులు చురుక్కుమనిపించింది. సొరంగం నోటి మీద బండలు ధనధనా పడి, వెలుతురు దారం అంత అయి, అదీ పోయింది.

దుమ్ములోంచి జయంతుడి గొంతు వినబడింది, దగ్గుతూ. "నా మనుషులు... నా మనుషులు దిగిపోయారు కదూ?"

అంకన్న అవునన్నట్టు అతని అరచేతిని రెండుసార్లు నొక్కాడు.

"నువ్వు వాడి శిష్యుడివి కావు. ఎవరు నువ్వు? మాట్లాడవేం?"

చీకట్లో అంకన్న పెదవులు కదిలాయి. తన పేరు అతను మూడుసార్లు చెప్పాడు, ఒక్కసారీ వినబడలేదు. వెనక రాళ్లు వేడెక్కుతున్నాయి. ఎదురుగా, కొండ లోతుల్లోంచి, సన్నగా చల్లగాలి వీస్తోంది. అంకన్న ఆ కుర్రవాడి చెయ్యి గట్టిగా పట్టుకుని గాలి వచ్చే వైపు మొదటి అడుగు వేశాడు.